పాక ముందు మొలిచిన రాగులు

మా బడి విజయవాడలో, సిస్టర్లు నడిపేది. ఆరో తరగతిలో చేరినప్పుడు నాకు పరలోక ప్రార్థన ఒక్క ముక్క రాదు, మాది హిందూ కుటుంబం, అందుకే అసెంబ్లీలో పక్కమ్మాయిని చూస్తూ ఊరికే పెదాలు కదిపేదాన్ని. క్యాథలిక్ పిల్లలు క్యాటికిజంకి, అంటే వాళ్ల మతపాఠాలకి వెళ్తే మాకు మోరల్ సైన్స్. నిజం చెప్పాలంటే ఆ పుస్తకంలోది ఏదీ గుర్తులేదు.

గుర్తున్నది క్రిస్మస్ పాక, అదే, యేసు పుట్టిన పశువుల పాకని బొమ్మలతో చూపించేది. డిసెంబర్ మొదట్లోనే కొబ్బరి చిప్పల్లో మట్టి పోసి, రాగులు చల్లి, రోజూ ఇంటర్వెల్‌లో నీళ్లు చిలకరించేవాళ్లం, పండగ నాటికి పచ్చగా లేస్తే పశువుల బొమ్మల ముందు పెట్టాలి కదా. ఒకసారి ప్రేమ ఎక్కువై నీళ్లు నిండా పోసేశాను. అన్నీ కుళ్లి ఒకటే కంపు! సిస్టర్ తిట్టలేదు, గుప్పెడు రాగులు చేతిలో పోసి "ఇంకా పది రోజులుందిగా, మళ్లీ చల్లు" అన్నారు. విత్తనానికి నీళ్లే కాదు, గాలీ కావాలన్న సైన్స్ పాఠం అప్పుడే బుర్రకెక్కింది.

ఫిబ్రవరి 9 నుంచి 11 దాకా గుణదల మాత ఉత్సవాలు. అక్కడ మాత విగ్రహం పెట్టింది 1924లోనట. మా అమ్మ కూడా వస్తుంది, కొబ్బరికాయ పట్టుకుని. పరలోక ప్రార్థన ఇప్పుడు నేనే ఆవిడకి నేర్పిస్తున్నా.