చయానోవ్ సహకార సిద్ధాంతాన్ని పాఠం చెప్పడం: నా అనుభవం

రష్యన్ వ్యవసాయ ఆర్థికవేత్త అలెగ్జాండర్ చయానోవ్‌ను ఎం.ఏ. విద్యార్థులకు చెప్పేటప్పుడు మొదటి రెండు తరగతులు మాటల అర్థాలకే కేటాయిస్తాను. అది చేయని ఏడాది పాఠమంతా పక్కదారి పట్టింది. 'రష్యా, సహకారం' అనగానే మనవాళ్లకు సమష్టి వ్యవసాయ క్షేత్రమే గుర్తొస్తుంది. కానీ రష్యన్‌లో మనం కలిపేసే ఈ భావాలకు మూడు వేర్వేరు మాటలున్నాయి. అబ్షీనా అంటే భూమిని కుటుంబాల మధ్య మళ్లీ మళ్లీ పంచుకునే పాత గ్రామ సముదాయం. అందులో మనిషి పుట్టుకతోనే ఉంటాడు. కొఆపెరాత్సియాలో, అంటే సహకార సంఘంలో, ఇష్టపడి చేరతాడు, వద్దనుకుంటే బయటికొస్తాడు. కొల్‌హోజ్ అంటే సమష్టి వ్యవసాయ క్షేత్రం, 1929 చివరి నుంచి ఊరూరా రుద్దినది. ఈ మూడూ విడదీయకుండా ముందుకెళ్లకూడదు.

తర్వాత పుస్తకం ఎంపిక. ఇక్కడే ఎక్కువమంది పొరబడతారు. డేనియల్ థార్నర్ తదితరులు 1966లో ఇంగ్లిష్‌లో తెచ్చిన సంపుటం అన్ని గ్రంథాలయాల్లో దొరుకుతుంది కాబట్టి అదే చదువుతారు. అందులో ప్రధానంగా ఉన్నది 1925 నాటి రైతు కుటుంబ వ్యవసాయ సిద్ధాంతం. సహకారం చివర్లో కొద్దిగా కనిపిస్తుంది. సహకారంపై అసలు గ్రంథం 1919లో వచ్చింది, 1927లో రెండో కూర్పు. 1991 నాటి ఇంగ్లిష్ అనువాదానికి ఆధారం రెండోదే. మధ్యలో విప్లవం తర్వాతి ఎనిమిదేళ్లు, 1923లో సహకారంపై లెనిన్ రాసిన వ్యాసం ఉన్నాయి. 1927 వాక్యాన్ని 1919 నాటి ఆలోచనగా ఉదహరిస్తే వాదనే తారుమారవుతుంది.

అసలు సిద్ధాంతానికి బోర్డు చాలు. దున్నడం, విత్తడం, మేత, పాలు పితకడం, వెన్న తీయడం, అమ్మకం, అప్పు అని వరుసగా రాసి, ఒక్కోటి ఎంత పెద్దగా చేస్తే చవకో అడుగుతాను. పొలం పెరిగేకొద్దీ రాకపోకల ఖర్చు పెరుగుతుంది, అందుకని సాగుకు ఒక హద్దుంది. వెన్న తీసే యంత్రానికి మాత్రం ఎన్నో ఇళ్ల పాలు కావాలి. అంటే ఒకే సేద్యంలో ఒక్కో పనికి అనువైన పరిమాణం ఒక్కోటి. పెద్దగా చేస్తే లాభించే ముక్కను మాత్రమే విడదీసి సంఘానికి అప్పగించడాన్ని చయానోవ్ నిలువు కేంద్రీకరణ అంటాడు. పొలాలన్నీ కలిపేయడం అడ్డ కేంద్రీకరణ. మన ఊళ్లో గేదె ఎవరి కొట్టంలో వారిదే, పాలు మాత్రం పాలకేంద్రానికి వెళ్తాయి. ఇది చెప్పగానే తరగతికి విషయం అందుతుంది. ఆ వెంటనే 1907లో కుర్గాన్‌లో బలక్షిన్ నాయకత్వంలో ఏర్పడిన సైబీరియా వెన్న ఆర్తెళ్ల (చిన్న ఉత్పత్తిదారుల సంఘాల) సమాఖ్యను పరిచయం చేస్తాను.

కొలతలు, తేదీలు చిన్నవే కానీ పరిశోధన పత్రాలను పాడుచేస్తాయి. పాత రష్యన్ భూమి కొలత దెస్యాతినా 1.09 హెక్టార్లు, అంటే దాదాపు 2.7 ఎకరాలు. బరువు కొలత పూద్ 16.38 కిలోలు. రష్యాలో 1917 సహకార చట్టానికి మార్చి 20 అనీ, ఏప్రిల్ 2 అనీ రెండు తేదీలు కనిపిస్తాయి. అప్పటి రష్యా వాడిన పాత (జూలియన్) పంచాంగానికి 13 రోజులు కలిపితే రెండూ ఒకటే.

చయానోవ్‌కు 1930లో అరెస్టు, 1937 అక్టోబర్ 3న ఆల్మా అతాలో మరణశిక్ష, 1987లో నిర్దోషిగా ప్రకటన: వీటిని చివరి తరగతికి ఉంచుతాను. ముందే చెబితే విద్యార్థులు గౌరవంతో ప్రశ్నించడం మానేస్తారు. ప్రశ్నించాల్సింది ఉంది. కూలి పెట్టుకోని కుటుంబ సేద్యమే ఆయన నమూనా. భూమి లేని కూలీకి ఆ సంఘంలో చోటెక్కడ? పరీక్షలో నేనిచ్చే ప్రశ్న ఇదే.