మెదక్ చర్చిలో అమ్మ ప్రార్థన

క్రిస్మస్ రోజు మెదక్ చర్చిలో మొదటి ఆరాధన తెల్లవారుజామున నాలుగున్నరకే మొదలవుతుంది. దానికి అందుకోవాలంటే ముందురోజే చేరిపోవాలి. అందుకే 24వ తేదీ సాయంత్రం నుంచే ఆవరణలో చెట్టుకో కుటుంబం కనిపిస్తుంది. చాపలు, దుప్పట్లు, గిన్నెలు, మూడు రాళ్ళు పెట్టి రాజేసిన పొయ్యిలు. ఒకపక్క పిల్లల బొమ్మల దుకాణాలు, గాజుల దుకాణాలు, మిర్చి బజ్జీల బండ్లు. ఇంకోపక్క ఎవరో కంజీర కొడుతూ పాడుతుంటారు. పైన 175 అడుగుల గోపురం నిండా లైట్లు.

మేం ముగ్గురం వెళ్ళాం. అమ్మ, తమ్ముడు, నేను. 2024లో చర్చికి నూరేళ్ళు నిండినప్పుడే రావాలని అమ్మకి ఆశ. అప్పటికింకా అడుగు వేయలేకపోతోంది. ఫిజియోథెరపీ తర్వాత కర్ర పట్టుకుని నడవడం మొదలుపెట్టాక, ఆ తర్వాతి క్రిస్మస్‌కి బయల్దేరాం. బాలానగర్‌లో బస్సెక్కి, నర్సాపూర్ అడవి దాటి, కౌడిపల్లి మీదుగా మెదక్. దారి పొడవునా అమ్మ కిటికీ వైపే చూస్తూ కూర్చుంది. అడవి దగ్గర కోతులు కనిపిస్తే తమ్ముడి చెయ్యి తట్టి చూపించింది.

అమ్మకి పక్షవాతం వచ్చి కుడి కాలు, కుడి చెయ్యి పడిపోయాయి. కాలు కొంత తిరిగొచ్చింది. మాట మాత్రం రాలేదు. డాక్టర్ దాన్ని అఫేసియా అన్నారు. మెదడులో మాటను నడిపించే భాగం దెబ్బతిన్నది. మనం చెప్పేది అమ్మకి చాలావరకు అర్థమవుతుంది, తను చెప్పాలనుకున్నది నోటికి రాదు. నీళ్ళు కావాలంటే “అది... అది...” అని చెయ్యి చూపిస్తుంది. ఒక్క “ప్రభువా” అనే మాట మాత్రం స్పష్టంగా వస్తుంది.

మాట పోతే ఎవరికైనా కష్టమే. కానీ మా చర్చి సంఘంలో అమ్మ ప్రార్థనకి పేరు. స్త్రీల మైత్రి (సంఘంలోని ఆడవాళ్ళ బృందం) కూడిక ఉన్నా, ఎవరిదైనా గృహప్రవేశమైనా, ఎవరినైనా ఆపరేషన్‌కి తీసుకెళ్తున్నా “ఆంటీ, మీరొచ్చి ప్రార్థన చెయ్యండి” అని ఫోన్ వచ్చేది. రోజూ చీకటితో లేచి వంటింట్లో మోకరించి, చుట్టాలందరి పేర్లూ, ఇరుగుపొరుగు వాళ్ళ పేర్లూ, ఎవరి ఇబ్బంది ఏమిటో కూడా కలిపి దేవుడికి చెప్పేది. చిన్నప్పుడు నాకు అదే అలారం. ఆ గొంతు ఆగిపోయాక మా ఇంట్లో ఇక ప్రార్థన ఎవరు చేస్తారని నాకు పెద్ద బెంగ పట్టుకుంది.

అమ్మ పుట్టిన పల్లె మెదక్‌కి దగ్గరే. వాళ్ళ నాయనమ్మ ఈ చర్చి కట్టేటప్పుడు రాళ్ళు మోసిందని అమ్మ ఎప్పుడూ గర్వంగా చెప్పేది. అప్పట్లో కరువు. వెస్లియన్ మెథడిస్టు మిషనరీ చార్లెస్ వాకర్ పోస్నెట్ ఆకలితో ఉన్న పల్లెవాళ్ళకి ఊరికే తిండి పంచిపెట్టకుండా, పని ఇచ్చి తిండి పెట్టాలనుకున్నాడు. ఆ పనే ఈ చర్చి. 1914లో మొదలై పదేళ్ళు సాగింది. 1924 డిసెంబర్ 25న ప్రతిష్ఠ జరిగింది. 200 అడుగుల పొడవు, 100 అడుగుల వెడల్పు, లోపల ఐదు వేల మంది పడతారు. చూడడానికొచ్చిన వాళ్ళు రాతి పనితనం గురించి, బ్రిటన్ నుంచి తెప్పించిన నేల పలకల గురించి మాట్లాడుకుంటారు. నాకు మాత్రం ఏ స్తంభం చూసినా, పొద్దున పని చేస్తే సాయంత్రం పిల్లల కడుపు నిండుతుందని రాయి ఎత్తుకున్న ఆడవాళ్ళే గుర్తొస్తారు. వాళ్ళలో చాలామందికి అప్పటికి ప్రార్థన ఎలా చెయ్యాలో తెలిసి ఉండదు. అయినా వాళ్ళ చెమట కూడా ఆ గోడల్లో ఆరాధనగా కలిసిపోయిందనే నా నమ్మకం.

రాత్రి మా పక్కన చాప వేసుకున్నది జహీరాబాద్ వైపు నుంచి వచ్చిన కుటుంబం. వాళ్ళమ్మాయి బగారా అన్నం వండి మాకూ పెట్టింది. “ఏమైందక్కా అమ్మకు?” అని అడిగింది. మాట పోయిందని చెప్పాను. “ఇక్కడికి వచ్చిండ్రు గద, వస్తది చూడుండ్రి” అంది ప్రేమగా.

ఆ అమ్మాయి మాట నన్ను బాధపెట్టలేదు. కానీ అదే మాట మా ఊళ్ళో ఎన్నిసార్లు విన్నానో. “విశ్వాసం ఉంటే మాట వచ్చేస్తుంది. ఒక్కసారి మెదక్ తీసుకెళ్ళండి.” అంటే ఇప్పటిదాకా రాలేదంటే మా విశ్వాసం చాలలేదనేగా? మన సంఘాల్లో సాక్ష్యం చెప్పమని, అంటే దేవుడు చేసిన మేలు నలుగురిలో చెప్పమని, ప్రార్థనకి జవాబు వచ్చినవాళ్ళనే పిలుస్తాం. ఉద్యోగం వచ్చినవాళ్ళు, బిడ్డ పుట్టినవాళ్ళు, జబ్బు నయమైనవాళ్ళు. సంతోషమే, వాళ్ళు చెప్పాల్సిందే. కానీ ఏళ్ళ తరబడి అడిగీ అడిగీ రాకపోయినా దేవుణ్ణి వదలని వాళ్ళు మన మధ్యే వెనక బెంచీల్లో కూర్చుంటారు. వాళ్ళని ముందుకి పిలిచి మైకు ఇచ్చిన ఆదివారం ఒక్కటీ నాకు గుర్తులేదు. అడగడం ప్రార్థనలో ఒక భాగమే. తండ్రి దగ్గర పిల్లలు అడుగుతారు, తప్పులేదు. ఇచ్చాడా లేదా అన్నదాన్ని బట్టే ప్రార్థనని తూచడం మొదలుపెడితే మాత్రం అది ఆరాధన కాకుండా పోతుంది.

తెల్లవారుజామున చలికి అమ్మకి రెండు శాలువాలు కప్పాం. జనం అప్పటికే మెట్ల మీదికి చేరారు. కర్ర చూసి ఎవరో వాలంటీర్ కుర్రాడు పక్క దారి నుంచి లోపలికి పంపించి, స్తంభం పక్కన చోటు చూపించాడు. అమ్మ కూర్చోగానే చేసిన పని, చేతులు జోడించడం. అది తేలిక కాదు. కుడి చేతి వేళ్ళు ముడుచుకుపోయి ఉంటాయి. ఎడమ చేత్తో ఆ వేళ్ళని బొటనవేలితో మొదలుపెట్టి ఒక్కొక్కటే విప్పుతుంది. చివరి వేలు విప్పేలోపు మొదటిది మళ్ళీ ముడుచుకుంటుంది. మళ్ళీ విప్పుతుంది. తర్వాత ఆ చేతిని పైకెత్తి, ఎడమ అరచేతిలో పెట్టుకుని, రెండూ కలిపి ఛాతీకి ఆనించుకుంటుంది. నేను సాయం చేయబోతే తల అడ్డంగా ఊపింది. అది తను చెయ్యాల్సిన పని.

ఆ చీకట్లో రంగుల అద్దాల కిటికీలు నల్లగానే ఉన్నాయి. అవి సూర్యుడి వెలుగు ఉన్నంతసేపే కనబడతాయి. దీపాలు ఎన్ని పెట్టినా లోపల నుంచి వాటి రంగులు తెలియవు.

ప్రభువు ప్రార్థన మొదలైంది. వేల గొంతులు ఒక్కసారి “పరలోకమందున్న మా తండ్రీ” అన్నాయి. స్పీచ్ థెరపీ చేసే అమ్మాయి మాకు ముందే చెప్పింది, చిన్నప్పుడు కంఠస్థం చేసిన పాటలు, ప్రార్థనలు ఇలాంటి పేషెంట్లకి ఒక్కోసారి నోటికి వస్తాయని. అయినా పక్కన అమ్మ గొంతు వినపడేసరికి నా ఒళ్ళు జలదరించింది. నీ నామము పరిశుద్ధపరచబడు గాక. నీ రాజ్యము వచ్చు గాక. మాటలు కొంచెం ముద్దగా ఉన్నా, వరస తప్పలేదు. “మా అనుదినాహారము” దాకా వచ్చి ఆగిపోయింది. జనం ముందుకి వెళ్ళిపోయారు. అమ్మ వాళ్ళని అందుకోవాలని కంగారుపడలేదు. కళ్ళు మూసుకుని ఆ మాట దగ్గరే ఉండిపోయింది. పెదవులు మాత్రం కదులుతూనే ఉన్నాయి.

అప్పుడు నాకు బైబిల్లో బిడ్డ కోసం ప్రార్థించిన హన్నా గుర్తొచ్చింది. షిలోహు మందిరంలో ఆమె పెదవులు కదిలాయి గానీ స్వరం వినబడలేదు. యాజకుడైన ఏలీ చూసి ఆమె తాగి ఉందనుకున్నాడు. లేదయ్యా, నా ఆత్మను దేవుడి సన్నిధిలో కుమ్మరించుకుంటున్నాను అంది ఆమె. నేను ఆ అధ్యాయాన్ని ఎన్నోసార్లు విన్నాను, ప్రతిసారీ దాన్ని ఆమె కొడుకు సమూయేలు పుట్టిన కథగానే విన్నాను. జవాబు రాకముందు, మాట కూడా పైకి రాని ఆ నిమిషంలో హన్నా చేసినది అప్పటికే నిండైన ప్రార్థన అని నాకు తట్టింది మాత్రం ఆ స్తంభం పక్కనే. ఎలా ప్రార్థించాలో మనకి తెలియనప్పుడు ఆత్మే ఉచ్చరించలేని మూలుగులతో మన పక్షాన విజ్ఞాపన చేస్తాడని పౌలు రోమీయులకి రాశాడు. అమ్మ ఆ వాక్యాన్ని నాకు చిన్నప్పుడే బట్టీ పట్టించింది.

రెండో ఆరాధన పది గంటలకి. అమ్మ ఇంటికి బయల్దేరడానికి ఒప్పుకోలేదు. టీ తాగి, రెండు ఇడ్లీలు తిని మళ్ళీ లోపలికి వెళ్ళాం. ఈసారి ఎండ వచ్చింది. ఈ చర్చి రంగుల కిటికీల్లో బలిపీఠం వెనక ఆరోహణం (యేసు పరలోకానికి వెళ్ళడం), పడమర వైపు యేసు జననం, తూర్పు వైపు సిలువ ఉంటాయి. పొద్దుటి ఎండ తూర్పు నుంచే కదా వస్తుంది. క్రిస్మస్ పొద్దున పశువుల తొట్టి కంటే ముందు సిలువ వెలిగింది. ఆ కిటికీ కింద నిలబడ్డ పిల్లల కొత్త బట్టల మీద ఎరుపు, నీలం మరకలు పడ్డాయి. అమ్మ ఆ సిలువ వైపు చూసి “ప్రభువా” అంది. మళ్ళీ “ప్రభువా” అంది. నేనున్నంతసేపూ అదొక్కటే. ఒకప్పుడు అమ్మ ప్రార్థనలో ఆ మాట తర్వాత ఎన్నో పేర్లు, ఎన్నో విన్నపాలు ఉండేవి. ఇప్పుడవన్నీ ఆ ఒక్క మాటలోనే పట్టాయి. అమ్మ గొంతు ఎక్కడ వణికిందో, ఎక్కడ గట్టిపడిందో వింటూ, ఇది తమ్ముడి కోసం, ఇది నాన్న గుర్తొచ్చి, ఇది ఊరికే స్తుతి అని నేను పోల్చుకోగలిగాను.

ఆరాధన అయ్యాక ప్రెస్బిటర్ల (పాస్టర్ల) దీవెన కోసం జనం బారులు తీరారు. ఆ వరసలో క్రైస్తవులే కాదు, అన్ని మతాలవాళ్ళూ ఉంటారు. కొందరు కొబ్బరికాయ తెస్తారు, కొందరు మోకాళ్ళ మీద నడుస్తారు. మొక్కులు వాక్యానుసారం కాదని విసుక్కునే మనవాళ్ళు ఉన్నారు. సమరయ స్త్రీతో యేసు చెప్పిన మాట నాకూ తెలుసు. ఈ పర్వతం మీదా కాదు, యెరూషలేములోనూ కాదు, తండ్రిని ఆత్మతోను సత్యముతోను ఆరాధించాలి. దేవుడు హైదరాబాద్‌లో మా వంటింట్లోనూ వింటాడు. అయినా ఆ వరసలో మా ముందు నిలబడ్డ ఒక తండా అవ్వ, చంకలో జ్వరంతో మాగన్నుగా ఉన్న మనవణ్ణి పైకెత్తి చూపించి “నువ్వే చూసుకో అయ్యా” అని ఊరుకుంది. అంత నిజమైన ప్రార్థన నేను మైకుల్లో తక్కువగా విన్నాను.

బయటికి వచ్చి మెట్ల మీద అమ్మని కూర్చోబెట్టాం. తమ్ముడు ఆటో కోసం వెళ్ళాడు. అమ్మ ఒళ్ళో బైబిలు, తెల్ల చీర చూసి ఒక అమ్మాయి దగ్గరికొచ్చింది. ఇరవై ఐదేళ్ళు ఉంటాయేమో. “అమ్మా, నా కోసం ప్రార్థన చేస్తరా?” అని అడిగి, మేం ఏదైనా అనేలోపే కింద మెట్టు మీద మోకరించి తల వంచింది. అమ్మకి మాట రాదమ్మా అని చెప్పబోయాను. అమ్మ ఎడమ చెయ్యెత్తి నన్ను ఆపింది. ఆ చేతిని అమ్మాయి తల మీద పెట్టింది. తర్వాత, ముడుచుకున్న ఆ కుడి చేతిని కూడా ఒళ్ళోంచి తీసి దాని పక్కన పెట్టింది. కళ్ళు మూసుకుంది. ఒక్క మాటా రాలేదు. అమ్మ చెంపల మీద నీళ్ళు కారుతున్నాయి. ఆ అమ్మాయి భుజాలు కదులుతున్నాయి. ఎంతసేపో నాకు తెలియదు, ఆటో వచ్చి హారన్ కొట్టింది కూడా. చివరికి ఆ అమ్మాయే “ఆమేన్” అంది. లేచి కొంగుతో మొహం తుడుచుకుని, “నా సంగతంతా చెప్పిండ్రమ్మా దేవునికి” అని అమ్మ చేతులు కళ్ళకద్దుకుని వెళ్ళిపోయింది. ఆమె సంగతి ఏమిటో మాకు తెలియదు. ఆమె చెప్పలేదు.

మెదక్‌లో అమ్మకి మాట రాలేదు. తిరిగొచ్చాక చాలామంది మొదట అడిగింది అదే కాబట్టి రాస్తున్నాను. ఇప్పటికీ “అది... అది...” అనే. స్పీచ్ థెరపీ సాగుతోంది, మాట రావాలని నేను రోజూ అడుగుతూనే ఉన్నాను, మానేది లేదు. మా ఇంట్లో ప్రార్థన ఎవరు చేస్తారన్న బెంగ మాత్రం నాకిప్పుడు లేదు. మెట్ల మీద జరిగింది మా స్త్రీల మైత్రిలో చెప్పినప్పుడు అందరూ కాసేపు ఏమీ అనలేదు. తర్వాత సెక్రటరీ ఆంటీ, “మరి మనమెందుకు ఆవిణ్ణి పిలవడం మానేశాం?” అంది.

మొన్న ఆవిడే ఫోన్ చేసింది. వాళ్ళ చెల్లెలి కూతురికి కాన్పు దగ్గరపడిందట, టెన్షన్‌గా ఉందట, అమ్మ వచ్చి ప్రార్థన చెయ్యగలదా అని. స్పీకర్‌లో పెట్టి అమ్మకి వినిపించాను. నేను సరే అనేలోపే అమ్మ కర్ర అందుకుని, బీరువా తెరిచి తెల్ల చీర బయటికి లాగింది. శనివారం సాయంత్రం ఐదింటికి వస్తామని చెప్పాను.