శంషాబాద్ దాటని కిరసనాయిలు వాసన

ఇది ట్రెక్కింగ్ కబుర్ల పోస్టు కాదు. స్వీడన్‌లో బాగా ఉత్తరాన కుంగ్స్‌లేడెన్ అని ఒక కాలిబాట ఉంది. అందులో అబిస్కో నుంచి నిక్కలుఒక్తా దాకా 100 కిలోమీటర్ల పైచిలుకు నడిచి, బెజవాడ తిరిగొచ్చి నాలుగు రోజులైంది. కాళ్ల నొప్పులు తగ్గాయి. ఎయిర్‌పోర్టులో రేగిన మంట మాత్రం ఇంకా ఆరలేదు. అందుకని కొండల సంగతి పక్కనపెట్టి, పొయ్యి గురించీ దానికి కావలసిన ఇంధనం గురించీ రాస్తున్నా.

వీసా మూడు వారాల్లో చేతికొచ్చింది. టికెట్లు, రైలు, అంతా గుంటూరులో ఉండే మా తోడల్లుడు చూసుకున్నాడు. ప్రాక్టీసు కొండవీడు కోట ఎక్కి దిగటం, వీపు మీద 12 కిలోల బియ్యం బ్యాగు. నాకు 51 ఏళ్లు. నా వెనకాల వచ్చిన పాతికేళ్ల కుర్రాళ్లు సగం దారిలో కూలబడ్డారు. ఈ ఒక్క ముక్కా రాసుకోనివ్వండి.

ఇక పొయ్యి. గ్యాస్ డబ్బా విమానంలో చేతి బ్యాగులోనూ కుదరదు, లగేజీలోనూ కుదరదు. సగం వాడిందైనా అంతే. ఎవరైనా సరే దిగాక అక్కడ కొనుక్కోవాల్సిందే. ఇది నాకు ముందే తెలుసు. అందుకే తెలివిగా పోదామనుకున్నా. న్యూజెర్సీలో ఉండే మా బావమరిది ఒక ఖరీదైన స్టవ్వు ఇచ్చాడు. గ్యాస్, పెట్రోలు, కిరసనాయిలు, డీజిల్, ఏది పోసినా మండే రకం. అల్యూమినియం సీసా, దాని మూతికి పంపు, పంపు నుంచి సన్న గొట్టం, చివర బర్నరు. చూడగానే మా నాయనమ్మ పంపు స్టవ్వు గుర్తొచ్చింది. పద్ధతి కూడా అదే. ముందు పంపు కొట్టి కాస్త ఇంధనం గిన్నెలోకి వదిలి ముట్టించి బర్నరు వేడెక్కించాలి, ఆ తర్వాత ఇంధనం వదిలితే నీలంగా బుసకొడుతుంది. మా ఇళ్లల్లో అందరూ ప్రైమస్ అనేవాళ్లే, ఆ ప్రైమస్ పుట్టింది స్వీడన్‌లోనే. 1892లో లిండ్‌క్విస్ట్ అనే ఆయన మసి పట్టని కిరసనాయిలు స్టవ్వు చేశాడు. పుట్టింటికే తీసుకెళ్తున్నాం కదా అని మురిసిపోయా.

చేసిన పొరపాటేమిటంటే, ఇంట్లో ఒకసారి వెలిగించి చూద్దామనుకోవటం. ఈ రోజుల్లో కిరసనాయిలు ఎక్కడ దొరుకుతుంది? ఒన్‌టౌన్‌లో నాలుగు వీధులు తిరిగితే ఒక పెయింటు షాపులో లీటరు పోశాడు. మేడ మీద వెలిగించి టీ కాచా. మా ఆవిడ మెట్ల దగ్గర నిలబడి, "పాతికేళ్లలో ఒక్కసారైనా కింద స్టవ్వు ముట్టించారా మీరు?" అంది. అది వేరే కథ.

ఆ తర్వాత రూలు ప్రకారమే చేశా. విమానాల అంతర్జాతీయ నిబంధనలో రాసి ఉంది: వాడిన స్టవ్వైతే సీసా ఖాళీ చేసి కనీసం గంటసేపు పూర్తిగా కారనివ్వాలి, తర్వాత కనీసం 6 గంటలు మూత తీసి ఆరబెట్టాలి, పీల్చుకునే గుడ్డలో చుట్టి ప్లాస్టిక్ కవర్లో పెట్టాలి. నేను రెండు రోజులు ఎండలో పెట్టా. ఆ కాగితం ప్రింటు తీసుకుని ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని మరీ బయల్దేరా.

శంషాబాద్‌లో కౌంటర్ దగ్గర అమ్మాయి అడిగింది: "సార్, బ్యాటరీలు, లైటర్లు, గ్యాస్ లాంటివి ఏమన్నా ఉన్నాయా?" నేను బుద్ధిమంతుడిలా, "స్టవ్వు ఉందమ్మా, ఖాళీదే" అన్నా. ఆ అమ్మాయి ఫోను తీసింది. సూపర్‌వైజర్ వచ్చాడు. "బ్యాగు తెరవండి సార్."

కౌంటర్ పక్కన, నేల మీద, క్యూ అంతా చూస్తుండగా. టెంటు, లుంగీ, కందిపొడి, మాగాయ డబ్బా, గోంగూర, అన్నిటికీ అడుగున స్టవ్వు. ఆయన సీసా మూత తిప్పి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. ఏమీ అనకుండా పక్కాయనకి ఇచ్చాడు. ఆయన వాసన చూసి ఆ అమ్మాయికి ఇచ్చాడు. ఆ అమ్మాయి మొహం ముడుచుకుంది. ఆరబెడితే పెట్రోలు ఆవిరైపోతుంది. కిరసనాయిలు ఎండలో రెండు రోజులున్నా పోదు, వాసన ఇంకా పోదు. ఆటోనగర్‌లో 28 ఏళ్లుగా స్పేర్ పార్టుల షాపు నడుపుతున్నవాడికి ఇది ఒకరు చెప్పాలా?

నా వెనక డల్లాస్ వెళ్తున్న ఒక పెద్దావిడ ఉంది. కూతురి పురిటికట. "ఏం బాబూ, పొయ్యి కూడా ఇక్కణ్ణించేనా? అక్కడ దొరకవా?" అంది జాలిగా. మా తోడల్లుడు నవ్వాపుకోలేక అటు తిరిగాడు.

నేను కాగితం తీశా. సూపర్‌వైజర్ నిదానంగా చదివి ఒక లైను మీద వేలు పెట్టాడు. "విమాన సంస్థ అనుమతితో అని ఉంది సార్. మా అనుమతి ఏదీ?" నేను రెండు మెయిళ్లు పెట్టా, రెండింటికీ 'మీ అభ్యర్థన అందినది' అని నంబరు వచ్చింది, అంతకు మించి రాలేదు. ఆ నంబర్లు చూపించా. "అందిందని అన్నాం సార్, ఒప్పుకున్నామని అనలేదు." మాటకి మాట తీసుకుంటే ఆయన తప్పేం లేదు. అదే నాకు ఇంకా మండింది. రెండు నెలల్లో ఒక్క మనిషి ఆ మెయిలు తెరవలేదు, కౌంటర్ దగ్గర మాత్రం ముగ్గురు వాసన చూడటానికి తీరిగ్గా ఉన్నారు.

చివరికి తేల్చింది ఇదీ: సీసా, పంపు రావు. బర్నరు ఉత్త ఇనుమే కాబట్టి, వాసన లేకుండా కడిగి తెస్తే చూస్తారట.

కాబట్టి తెల్లవారుజామున, అంతర్జాతీయ టెర్మినల్ బాత్‌రూమ్‌లో, వాష్ బేసిన్‌లో స్టవ్వు పెట్టి చేతులు కడుక్కునే సబ్బు నురగతో తోముతున్నా. సూట్లు వేసుకున్నవాళ్లు వచ్చి పక్క బేసిన్‌కి జరిగి వెళ్తున్నారు. తుడిచే కుర్రాడు కాసేపు చూసి దగ్గరికొచ్చాడు. "కిరసనాయిలా సార్? నీళ్లు పోస్తే ఇంకా పాకుతుంది. ముందు పొడిగుడ్డతో తుడవాలి." తన దగ్గరి కాగితపు తువ్వాళ్లు ఒక కట్ట ఇచ్చాడు. గొట్టం మడతల్లో, బర్నరు కింద పత్తి వత్తిలా చుట్టి ఎలా తిప్పాలో చూపించాడు. "మా ఇంట్లోనూ ఉండేది సార్. పిన్ను తెచ్చుకున్నారా?" అన్నాడు. బర్నరు బొక్క పూడుకుపోతే పొడిచే ఆ పిన్ను గురించి అడిగినవాడు ఆ ఎయిర్‌పోర్టు మొత్తంలో అతనొక్కడే.

మళ్లీ క్యూ, 40 నిమిషాలు. బర్నరు పాసైంది. సీసా, పంపు కౌంటర్ కింద డబ్బాలో పడ్డాయి. 1911లో నార్వే అన్వేషకుడు అమండ్సెన్‌తో దక్షిణ ధ్రువం దాకా పోయొచ్చిన జాతి స్టవ్వు, మాతో శంషాబాద్ దాటలేకపోయింది.

విమానంలో నిద్ర పట్టలేదు. జేబులో చిన్న పుస్తకం, అందులో నెల రోజులు బట్టీ పట్టిన పేర్లు. మీకు పనికొస్తాయని రాస్తున్నా, నాకు ఒక్కటీ పనికిరాలేదు. ఇంగ్లండులో పారాఫిన్ అంటే కిరసనాయిలు. జర్మనీలో పెట్రోలియం అన్నా కిరసనాయిలే, బండిలో పోసేది బెంట్సీన్. ఫ్రాన్సులో పెట్రోల్ అని అడిగారో కిరసనాయిలు చేతికిస్తారు, మన పెట్రోలుని ఎస్సాన్స్ అంటారు. స్వీడన్‌లో కిరసనాయిలు ఫోటోగెన్, పెట్రోలు బెన్సీన్. అక్కడివాళ్లు ట్రాంజియా అనే చిన్న స్టవ్వులో ఎర్రరంగు కలిపిన స్పిరిట్ కాలుస్తారు, దాన్ని రేడ్‌స్ప్రిట్ అంటారు. పేరు విని ఊహించుకుని కొనకండి. కిరసనాయిలు స్టవ్వులో పెట్రోలు పడిందంటే మీసాలు మిగలవు.

స్టాక్‌హోమ్ నుంచి రాత్రి రైలు, తిన్నగా అబిస్కో. రైలు దిగి అక్కడి పర్యాటక కేంద్రం షాపులోకి వెళ్తే ఎదురుగా గ్యాస్ డబ్బాలు, 100 గ్రాములవి, 230 గ్రాములవి, వరసగా పేర్చి ఉన్నాయి. మర మూతివి, మన గొట్టం చివరకి సరిగ్గా పట్టేవి. కొనటానికి రెండు నిమిషాలు పట్టింది. దీనికోసమా రెండు నెలలు! ఫ్రాన్సు వెళ్లేవాళ్లకి మాత్రం ఒక మాట: అక్కడ నొక్కి బిగించే రకం డబ్బాలు కూడా ఎక్కువ, మర బర్నరు వాటికి పట్టదు. కొనేముందు మూతి చూసుకోండి.

ఆ సాయంత్రం టెంటు దగ్గర ముట్టిస్తే అగరొత్తి అంత మంట. అరలీటరు నీళ్లు పావుగంటైనా మరగవు. "గ్యాస్ మంచిది కాదు అన్నయ్యా, మోసం చేశారు" అన్నాడు తోడల్లుడు. నేనూ అవునన్నా. స్వీడన్‌ని, చలిని, బావమరిదిని, వరసబెట్టి తిట్టాం. చీకటి పడుతుండగా టార్చి వేసి బర్నరు విప్పితే, జెట్టు మీద, అంటే ఇంధనం చిమ్మే సన్న బొక్క ఉన్న ముక్క మీద, 28 అని అంకె. ఈ స్టవ్వుకి మూడు జెట్లు: కిరసనాయిలుకి 0.28 మిల్లీమీటర్ల బొక్క, పెట్రోలుకి 0.37, గ్యాస్‌కి 0.45. మేడ మీద టీ కాచినప్పటి జెట్టు అలాగే ఉంది. బొక్క వైశాల్యం లెక్కేస్తే గ్యాస్‌కి కావలసిన దాంట్లో 40 శాతం కూడా లేదు. కార్బ్యురేటర్ జెట్లు అమ్మి పిల్లల్ని చదివించినవాణ్ణి. తోడల్లుడికి మాత్రం "మరలో ఇసుక పడింది" అని చెప్పా. ఇది చదివితే తెలుస్తుంది.

జెట్టు మార్చాక బుస్సుమంది. ఆ పూట తిన్న కందిపొడి అన్నం మీద వేరే పోస్టు రాయాలి.

తర్వాత పెద్ద కష్టాలేం లేవు. చలికి మాత్రం జాగ్రత్త. డబ్బాలో ఉట్టి బ్యూటేన్ ఉంటే సున్నా డిగ్రీల దగ్గరే అది ఆవిరవదు. ఐసోబ్యూటేన్ సుమారు మైనస్ 12 దాకా, ప్రొపేన్ మైనస్ 42 దాకా ఆవిరవుతుంది, కాబట్టి అవి కలిపిన డబ్బా చూసి కొనండి. తెల్లారేసరికి మంట నీరసపడితే డబ్బాని రాత్రి స్లీపింగ్ బ్యాగులో పెట్టుకు పడుకోండి. అగ్గిపెట్టె అక్కడే కొనండి.

ఇంకోటి, ఎవరూ చెప్పనిది. దారిలో కొండ గుడిసెల వంటగదుల్లో గ్యాస్ పొయ్యిలు ఉన్నాయి, అచ్చం మనింట్లోలా బండ పెట్టి. బయట టెంటు వేసుకున్నవాళ్లు కూడా కొంత డబ్బు కట్టి వాడుకోవచ్చు. అలేస్‌యౌరె అనే చోట గుడిసెలో ఆ బండ చూసి ఇద్దరం కాసేపు మాట్లాడుకోలేదు.

ఇద్దరికి 6 రోజులకి, రెండు పూటలా వండుకుని, 230 గ్రాముల డబ్బా ఒకటీ ఇంకోదాంట్లో సగమూ అయింది. ఆ మిగిలిన సగం డబ్బాని చివర్లో ఒక తెల్ల కుర్రాడికి ఇచ్చేశాం, విమానమెక్కదు కదా.

మీరు వెళ్తుంటే, వంద గ్రాముల మర బర్నరు ఒకటి కొత్తది, ముట్టించనిది తీసుకెళ్లండి. వాడిన ద్రవ ఇంధనం స్టవ్వే కావాలంటే విమాన సంస్థ దగ్గర 'ఒప్పుకున్నాం' అనే మాట కాగితం మీద రాకుండా బయల్దేరకండి. మెయిలు పెట్టి కూర్చోకుండా రోజూ ఫోను చేసి విసిగించండి, వాళ్లకి వినపడే భాష అదొక్కటే.

సీసా, పంపు పోయిన సంగతి బావమరిదికి ఇంకా చెప్పలేదు. దసరాకి వస్తున్నాడట, స్టవ్వు తీసి ఉంచమని మా ఆవిడకి ఫోను చేశాడు.