జ్వరం లెటర్ తప్ప ఇంకేం రాయగలరు మన పిల్లలు?

వైజాగ్‌లో ఏ పదో తరగతి పిల్లాడినైనా ఆపి హెడ్‌మాస్టర్‌కి ఒక లెటర్ రాయమనండి, జ్వరం వచ్చింది, రెండు రోజులు సెలవు కావాలి అని చకచకా రాసేస్తాడు. అదే, క్లాసులో ఫ్యాన్ తిరగడం లేదని రాయమంటే పెన్ను కదలదు. "ఇట్లు, తమ విధేయుడైన విద్యార్థి" దాకా బట్టీ పట్టించారు గానీ మధ్యలో అడగాల్సింది ఎలా అడగాలో ఎవరూ చెప్పలేదు.

మర్రిపాలెంలో మా ఎదురింటి అమ్మాయిది పదో తరగతి. నామినల్ రోల్‌లో, అంటే పబ్లిక్ పరీక్ష రాసే పిల్లల వివరాల జాబితాలో, ఇంటిపేరు స్పెల్లింగ్ ఒకలా, ఆధార్‌లో ఇంకోలా ఉంది. వాళ్ళమ్మ వెళ్ళి క్లాస్ టీచర్‌కి చెప్తే ఆవిడ ఆఫీసులో చెప్తానన్నారు, ఆఫీసులో ఉన్నాయన "చూద్దాంలెండమ్మా" అన్నాడు, అంతే, ఆ మాట అక్కడే ఉండిపోయింది. ఇదేదో చిన్న విషయం అనుకోకండి. ఆ తప్పు అలాగే మార్కుల మెమోలోకి ఎక్కితే తర్వాత దిద్దించడానికి హెడ్‌మాస్టర్ దగ్గర్నుంచి డీఈఓ (జిల్లా విద్యాశాఖాధికారి) ఆఫీసుకి, అక్కణ్ణుంచి పరీక్షల విభాగానికి ఫైలు కదలాలి, ఈలోగా ఇంటర్ అడ్మిషన్ల టెన్షన్ వేరే.

నేను ఆ పిల్లతోనే రాయించాను. పేరు, సెక్షన్, అడ్మిషన్ నంబరు, రోల్‌లో ఎలా ఉంది, ఎలా ఉండాలి, ఆధార్ జెరాక్స్ జతపరిచాను అని ఒక ముక్క. అర పేజీ కూడా రాలేదు. "నాయందు దయయుంచి" లాంటివన్నీ కొట్టేయించాను. రెండు కాపీలు, ఒకటి వాళ్ళకి, రెండోదాని మీద ఆఫీసువాళ్ళ సంతకం, తేదీ, స్టాంపు. స్టాంపు అడిగేసరికి "మా మీద నమ్మకం లేదా" అన్నారట! నమ్మకం సంగతి కాదండీ, ఇన్‌వర్డ్ రిజిస్టర్‌లో, అంటే ఆఫీసుకి వచ్చిన కాగితాలు రాసుకునే పుస్తకంలో, ఎక్కిన కాగితానికి ఎవరో ఒకరు జవాబు చెప్పాలి, నోటిమాటకి అక్కర్లేదు. స్పెల్లింగ్ మారింది లెండి.

ఈ సంగతి టీచర్లకి మనకంటే బాగా తెలుసు. డీఈఓకి ఏదైనా పెట్టుకోవాలంటే హెడ్‌మాస్టర్ ద్వారానే పంపుతారు, తమ దగ్గర కాపీ లేకుండా ఒక్క కాగితం ఇవ్వరు. మరి ఆ తెలివేదో ఎనిమిదో తరగతిలోనే పిల్లలకి ఒక పీరియడ్ చెప్తే ఏం పోయింది?

టీసీ, అదే స్కూలు మారేటప్పుడు ఇచ్చే ట్రాన్స్‌ఫర్ సర్టిఫికెట్, దాని దగ్గరా ఇదే గోల. ఫీజు బాకీ ఉందని టీసీ ఆపేశారని చాలామంది గొడవపడి వచ్చేస్తారు, రాసి మాత్రం ఇవ్వరు. ఎనిమిదో తరగతి వరకు 2009 విద్యా హక్కు చట్టం సెక్షన్ 5 సూటిగానే చెప్తుంది: ప్రభుత్వ, ఎయిడెడ్ స్కూలుకి మారే పిల్లలకి హెడ్‌మాస్టర్ టీసీ వెంటనే ఇవ్వాలి, అది ఆలస్యమైందని ఆ కొత్త స్కూలు అడ్మిషన్ ఆపకూడదు. ఈ సెక్షన్ నంబరు లెటర్‌లో ఒక్కసారి రాసి చూడండి, "రేపు రండి"లు తగ్గుతాయి.

స్కూలు నుంచి మనకి వచ్చేవి మాత్రం అన్నీ వాట్సాప్‌లోనే, గుడ్ మార్నింగ్ పువ్వుల మధ్య ఎక్కడో పరీక్ష ఫీజు ఆఖరి తేదీ. తుపాను వచ్చిందంటే ఇంక చెప్పక్కర్లేదు, ఎప్పటివో కలెక్టర్ ఉత్తర్వుల ఫోటోలు తిరిగేస్తాయి. 2022 ఏప్రిల్‌లో విశాఖ జిల్లా మూడు ముక్కలయ్యాక ఇంకో తమాషా, అనకాపల్లి జిల్లాకి ఇచ్చిన సెలవు చూసుకుని విశాఖ జిల్లాలోనే ఉన్న గాజువాకలో పిల్లల్ని బడికి పంపకుండా ఇంట్లో పడుకోబెట్టేవాళ్ళు కూడా ఉన్నారు. ఫార్వర్డ్ చేసే ముందు పైన తేదీ, జిల్లా పేరు చదవండి బాబూ.