ఈ రాయిని ఎవరైనా తూచారా?

పోయిన మంగళవారం మీటింగులో నేను చేసిన కంప్యూటర్ మోడల్ తెర మీద తిరుగుతోంది. ఆస్ట్రేలియాలో కాల్గూర్లీ వైపు ఒక బంగారు గనిది, మూడు వారాల కష్టం. డ్రిల్ హోల్స్ సన్నటి కడ్డీల్లా దిగుతున్నాయి. పైన పాడైన రాయి పసుపు, కింద గట్టి రాయి ఆకుపచ్చ, నడుమ బంగారం ఉన్న చోటు ఎరుపు. మా సీనియర్ జియాలజిస్టు, అరవై దాటిన ఆవిడ, పసుపు పొర మీద వేలు పెట్టి అడిగింది: "ఈ రాయిని ఎవరైనా తూచారా?"

తూచలేదు. పైనుంచి కిందిదాకా సాంద్రత 2.8 అని ఒకే అంకె వేసేశాను.

"అయితే ఇది బొమ్మే" అంది, అందరి ముందూ.

ఆ రాత్రి అన్నం సయించలేదు. తప్పు ఎంతదో లెక్క కట్టుకుంటే ఇంకా బాధ. మోడల్లో రాయినంతా ఇటుకల్లాంటి బ్లాకులుగా విడగొడతాం. ఒక్కో బ్లాకు పొడవు, వెడల్పు 10 మీటర్లు, ఎత్తు 5, అంటే 500 ఘనపు మీటర్లు. 2.8 వేస్తే 1,400 టన్నులు. అదే రాయి నీళ్లకి నాని, కుళ్లి 1.9కి దిగిందంటే 950. ఒక్క బ్లాకులో 450 టన్నులు లేని రాయి, దాంట్లో లేని బంగారం. అలాంటి బ్లాకులు వేలున్నాయి.

కానీ నన్ను కోసింది అది కాదు. మాది గరివిడి పక్కన ఊరు. 1890ల నుంచి మాంగనీసు తవ్విన నేల. మా కోడూరు పేరు మీదే ఫెర్మర్ అనే దొర ఒక రాయికి కోడురైట్ అని పేరు పెట్టాడని చదివిన రోజు క్లాసులో పొంగిపోయాను. మా పెద్దమ్మ ఆ గనుల్లో రాళ్లేరే కూలీ. చిన్నప్పుడు పక్కన కూర్చుని నేను నల్లరాయి ఏరి ఇస్తే, అరచేతిలో రెండుసార్లు ఎగరేసి పారేసేది. "నల్లగుంటే సరిపోద్దేటిరా? బరువుండొద్దేటి?" స్నానం చేసినా ఆ చేతి గీతల్లో నలుపు పోయేది కాదు. సంక్రాంతికి ఆ వేళ్లతోనే తెల్లటి ముగ్గు వేసేది.

ఆవిడ ఒళ్లో నేర్చుకున్న సంగతిని తెర ముందు కూర్చుని మరిచిపోయాను. మనవాళ్లకి కొలతల మీద పట్టింపు లేదని ఆ గదిలో ఎవరైనా అనుకునుంటే, అది మావాళ్లకి నేను చేసిన అన్యాయం.

మర్నాడు మా సీనియరే కారులో కోర్ షెడ్డుకి, అంటే డ్రిల్ చేసి పైకి తీసిన రాతి కడ్డీలు ఉంచే చోటికి, తీసుకెళ్లింది. నిన్నటి మాట ఎత్తలేదు. కోర్ ముక్కని ఓవెన్లో ఆరబెట్టి తూచారు. మెత్తటి రాయి నీళ్లు పీల్చకుండా పల్చటి ప్లాస్టిక్ చుట్టి, నీళ్లలో వేలాడదీసి మళ్లీ తూచారు. పొడి బరువుని రెండింటి తేడాతో భాగిస్తే సాంద్రత. మొదటి ముక్క 1.93. తూచిన కుర్రాడు పాతికేళ్లవాడు, రోజువారీ కాంట్రాక్టు మీద వచ్చినవాడు. హోల్ నంబరు, లోతు, తేదీ, పక్కనే అతని పేరు కంప్యూటర్లోకి ఎక్కాయి. గనిలో ఖనిజం ఎంతుందో ప్రకటించేటప్పుడు ఇక్కడ పాటించే జోర్క్ నియమావళి అడిగేదీ అదే: సాంద్రత కొలిచారా, ఊహించారా? ఊహిస్తే దేన్నిబట్టి?

అప్పట్నుంచీ ఆ పేరు గడి నా మనసులోంచి పోవడంలేదు. మా పెద్దమ్మ చెయ్యి ఆ త్రాసుకి ఎందులోనూ తీసిపోదు, నేనిది ఎవరి ముందైనా అంటాను. ఇరవై ఏళ్లు తూచింది. ఆవిడ తూచినదాంట్లో ఒక్క రాయికీ పక్కన ఆవిడ పేరు లేదు. కూలి పుస్తకంలో వేలిముద్ర ఉండేది, అంతే.

ఆదివారం డ్యూటీలో షెడ్డులోంచే వీడియో కాల్ చేశాను. అక్కడ ఇంకా తెల్లారుతోంది, వెనక కోళ్లు వినిపిస్తున్నాయి. కోర్ ముక్కని తడిపి ఫోను ముందు తిప్పి చూపించాను. కళ్లు చికిలించి చాలాసేపు చూసింది.

"ఫోన్లో సూత్తే నాకేటి తెలుస్తాదిరా? సేతిలో ఎట్టు."