మన నల్లగొండ, పైనుంచి

సెలవులకు వచ్చిన అక్క పిల్లలకు నల్లగొండను పైనుంచి చూపించాను. ఇస్రో 2009లో తెచ్చిన ఉపగ్రహ చిత్రాల వెబ్‌సైట్ ‘భువన్’లో పానగల్ ఉదయ సముద్రం కనిపించగానే చిన్నది తెరకు అతుక్కుపోయింది. చెరువుకట్ట వెంట వేలు జరుపుతూ, గుడి ఎక్కడ, మన వీధి ఎక్కడ అని ఒకటే ప్రశ్నలు. పొద్దస్తమానం వీడియోలు చూసే పిల్ల అది! ఆసక్తి పోలేదు, దానికి మేత దొరకడం లేదంతే.

అందుకే చెబుతున్నాను, ఈ వెబ్‌సైట్లు చూడండి. తెలుగు పదం దగ్గర ఆగిపోతే ‘ఆంధ్రభారతి’ తెరవండి. ఒక్కసారి వెతికితే ఎన్నో నిఘంటువుల అర్థాలు వరుసగా వస్తాయి. పాత పుస్తకాలకు 1996లో మొదలైన ‘ఇంటర్నెట్ ఆర్కైవ్’ ఉంది. అక్కడ తెలుగు పుస్తకాల పేర్లు చాలావరకు ఇంగ్లిష్ అక్షరాల్లో, ఒక్కోసారి తప్పు స్పెల్లింగులతో ఉంటాయి. రెండు మూడు రకాలుగా రాసి వెతకండి. ఓపిక ఉంటే తాతల కాలం నాటి పత్రికలూ దొరుకుతాయి.

రాత్రి డాబా ఎక్కేవాళ్లకు ‘స్టెల్లేరియం వెబ్’. ఊరి పేరు ఇస్తే ఆ వేళకు ఆకాశంలో ఏ గ్రహం ఎక్కడుందో చూపిస్తుంది. వీటిలో దేనికీ డబ్బు కట్టనక్కర్లేదు.

మహబూబ్‌నగర్ వైపు శాసనాల గురించి మంచి వెబ్‌సైట్ ఎవరికైనా తెలిస్తే చెప్పండి, చాలాకాలంగా వెతుకుతున్నాను.