సొంత కారులో పోఖరా: ముందు రోజుల లెక్క, ఆ తర్వాతే దారి

నేపాల్‌లో మన బండికి అనుమతి రోజుల లెక్కన ఇస్తారు. అందుకే ఉత్తరప్రదేశ్ సరిహద్దు ఊరు సోనౌలీ మీదుగా సొంత కారులో పోఖరా వెళ్దామనుకుంటే, ఏ దారిన వెళ్లాలన్నదానికన్నా ముందు ఎన్ని రోజులుంటామో తేల్చుకోవాలి.

సరిహద్దు దాటగానే బేలహియా. అక్కడి కస్టమ్స్ కార్యాలయంలో బండికి రోజుకింత అని సుంకం కట్టించుకుని రసీదు ఇస్తారు. దీన్నే అందరూ భన్సార్ అంటారు. లోపలికి వెళ్లిన రోజు, బయటికి వచ్చే రోజు రెండూ లెక్కలోకి వస్తాయి. ఏడు రోజుల ప్రయాణమైతే ఎనిమిది రోజులకు కట్టండి. కొండచరియ విరిగి రోడ్డు మూసేస్తే ఒక పూట, ఒక్కోసారి రోజంతా పోతుంది. గడువు దాటితే బయటికొచ్చేటప్పుడు జరిమానా పడుతుంది. ముందే కట్టే ఒక రోజు సుంకం దానికంటే చాలా తక్కువ. ఏడాదిలో ఒక బండికి మొత్తం 30 రోజులే పరిమితి. భన్సార్‌తో పని అయిపోదు, బండిని అక్కడి రోడ్ల మీద నడపడానికి యాతాయాత్ (రవాణా) అనుమతి విడిగా తీసుకోవాలి. తిరిగి వేరే సరిహద్దు గుండా రావాలనుకుంటే ఆ మాట కౌంటర్ దగ్గరే చెప్పండి.

కాగితాల్లో ఆర్సీ, లైసెన్స్, ఇన్సూరెన్స్, పొల్యూషన్ సర్టిఫికెట్ ఒరిజినల్స్‌తో పాటు రెండేసి జిరాక్స్‌లు ఉంచుకోండి. ఆర్సీలో పేరున్న మనిషి కారులో ఉంటే ప్రశ్నలు తగ్గుతాయి. మనకు వీసా అక్కర్లేదు గానీ పెద్దవాళ్లకు పాస్‌పోర్టో ఓటరు కార్డో ఉండాలి. ఆధార్‌ను నమ్ముకుని బయల్దేరొద్దు. చాలామంది మరిచిపోయేది ఇన్సూరెన్స్. మన మోటార్ పాలసీ మామూలుగా ఇండియా వరకే వర్తిస్తుంది. నేపాల్‌ను చేర్చే ఎండార్స్‌మెంట్ కోసం వారం ముందే కంపెనీని అడిగి, అది కాగితం మీద వచ్చిందో లేదో చూసుకోండి. ఘాట్ రోడ్డు మీద ఎదుటి బండికి తగిలాక ఈ సంగతి తెలిస్తే చేయగలిగేదేమీ ఉండదు.

సరిహద్దు దాటిన రోజే కొండెక్కొద్దు. ఈ విషయంలో నాకు రెండో అభిప్రాయం లేదు. సోనౌలీలో లారీల వరుస ఎంత పొడవుంటుందో ముందే చెప్పలేం. మధ్యాహ్నం బయటపడి, కొండలు మొదలయ్యే బుట్వల్ దాటితే చీకట్లో మలుపులు తిరగాల్సి వస్తుంది. గోరఖ్‌పూర్ నుంచి సోనౌలీ వంద కిలోమీటర్ల లోపే. పొద్దున్నే బయల్దేరి, ఆ రాత్రికి లుంబినిలో ఆగండి. మర్నాడు పాల్పా జిల్లాలోని తాన్‌సేన్ వరకు వెళ్లండి, సుమారు 85 కిలోమీటర్లు. ఆ తర్వాతి రోజు పోఖరా.

బుట్వల్, తాన్‌సేన్ మీదుగా వెళ్లే ఈ దారి పేరు సిద్ధార్థ హైవే. దీని మీద సోనౌలీ నుంచి పోఖరా 180 కిలోమీటర్ల పైచిలుకు. బుట్వల్ దాటగానే వచ్చే సిద్ధబాబా దగ్గర పైనుంచి రాళ్లు పడతాయి. ఆ ముక్కను తప్పించడానికే అక్కడ సొరంగం పనులు చేపట్టారు. అక్కడ ఫొటోల కోసం ఆగకండి. నారాయణ్‌ఘాట్, ముగ్లిన్ మీదుగా వెళ్లే రెండో దారి దాదాపు 270 కిలోమీటర్లు. బుట్వల్–నారాయణ్‌ఘాట్ మధ్య విస్తరణ పనులు ఏళ్ల తరబడి సాగాయి. 2024 జూలై 12న ఈ దారిలోనే సిమల్తాల్ దగ్గర కొండచరియ విరిగిపడి రెండు బస్సులు త్రిశూలి నదిలో కొట్టుకుపోయాయి. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా ఏ దారైనా సరే, రాత్రి ప్రయాణం మానండి.

నెలల్లో అక్టోబర్ చివర, నవంబర్ మేలు. ఆకాశం తేటగా ఉండి మంచుకొండలు కనిపిస్తాయి. దశైన్, తిహార్ పండుగల రోజుల్లో మాత్రం రద్దీ విపరీతం. డిసెంబర్, జనవరిలో ఇబ్బంది కొండల్లో కాదు, కింద తరాయి మైదానంలో. గోరఖ్‌పూర్ నుంచి సరిహద్దు అవతలి భైరహవా దాకా పొగమంచు కమ్మేస్తుంది.

బండి విషయంలో అన్నిటికన్నా ముందు బ్రేక్ ఫ్లూయిడ్ చూసుకోవాలి. అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 4 ఫ్లూయిడ్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగదు, తేమ పట్టాక 155 డిగ్రీలకే మరగొచ్చు. దిగుడులో బ్రేక్ తొక్కుతూనే వస్తే ఆ వేడికి ఆవిరి బుడగలు పుట్టి పెడల్ మెత్తగా లోపలికి దిగిపోతుంది. రెండేళ్లు దాటితే మార్పించండి. దిగేటప్పుడు రెండో గేరులోనో మూడో గేరులోనో ఉంచి ఇంజిన్‌నే పట్టనివ్వండి. పెడల్ మెత్తబడినట్టు అనిపిస్తే చోటు చూసి ఆగండి, అరగంట చల్లారనివ్వండి. డిస్కుల మీద నీళ్లు మాత్రం పోయొద్దు, వంకర పోతాయి.

మన రూపాయికి 1.60 నేపాలీ రూపాయలు, ఈ రేటు 1993 నుంచి మారలేదు. వంద నోట్లు ఎక్కువ పెట్టుకోండి. పెద్ద నోట్ల మీద అక్కడ ఆంక్షలు మారుతూ వచ్చాయి. నేపాల్ చెల్లింపుల నెట్‌వర్క్ ఫోన్‌పే (Fonepay, మన PhonePe కాదు) క్యూఆర్ ఉన్న కొన్ని చోట్ల యూపీఐ పనిచేస్తుంది గానీ, కొండదారి టీకొట్టు దగ్గర దాని మీద ఆధారపడొద్దు. తాగి నడిపేవాళ్లను అక్కడి పోలీసులు ఊరికే వదలరు. ట్రాఫిక్ పోలీసుల నంబరు 103. వాళ్లు ఆపగానే అడిగేది భన్సార్ రసీదే కాబట్టి దాన్ని డాష్‌బోర్డు అరలో చేతికందేలా ఉంచి, ఫోన్‌లో ఫొటో కూడా తీసి పెట్టుకోండి.